ఆఫ్ అంటే సగం

కరీముల్లా గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. పొద్దు వాలి, వీధిలైట్లు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చే వేళకు మా అరుగు మీద కూర్చుంటే ఆ మనిషే కళ్ళకు కడతాడు. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా మడిచిన లాల్చీ, ఎదుటివాణ్ణి చూస్తూనే ఎక్కడో దూరాన ఇంకేదో చూస్తున్నట్టుండే కళ్ళు. ఆ కళ్ళంటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

నా పేరు గురురాజారావు. ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అది అబద్ధమని నేనెప్పుడూ వాదించలేదు. వాదిస్తే కోపం వస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో కరెంటు దీపాలు బజారు దాటి సందుల్లోకి వస్తున్నాయి. జమ్మలమడుగులో స్తంభాలు పాతుతున్నారు. పులివెందులలో ఆ సంగతి ఇంకా మాటల్లోనే ఉంది. ఇళ్ళకు వైర్లు లాగే మనుషులు చాలడం లేదు. ఎవరు పడితే వాళ్ళు లాగడానికి వీల్లేదు. లైసెన్సులిచ్చే బోర్డు పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్న మనిషి కాగితం మీద సంతకం పెడితేనే ఆ ఇంటికి కరెంటు ఇస్తారు. మా ఊళ్ళో అట్లాంటి లైసెన్సు ఉన్న మేస్త్రీ మహబూబ్ బాషా. ఆయన ఒకరోజు బడి వదిలే వేళకు వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, పని నేను నేర్పిస్తా. వారం వారం కూలి ఇచ్చి మరీ నేర్పిస్తా. పుస్తకంలో ఉండేది చెప్పడం నాకు రాదు. అది మీరు చెప్పాల. బోర్డోళ్ళు రెండూ అడుగుతారు."

అట్లా మా బడిలో చివరి గదిలో సాయంత్రం క్లాసు మొదలైంది. పగలంతా మేస్త్రీ దగ్గర పని, అయిదు నుంచి ఏడు దాకా నా దగ్గర పాఠం. మొత్తం ఆరుగురు వచ్చారు. అయిదుగురికి మీసాలు సరిగ్గా రాలేదు. ఆరోవాడికి ముప్పై ఒకటో ఏడు, ఇంట్లో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. వాడే కరీముల్లా.

జమ్మలమడుగులో పంపు కొట్టి వెలిగించే గ్యాసులైట్లు బాడుగకిచ్చే ఇల్లు వాళ్ళది. పెళ్ళికైనా ఉరుసుకైనా ఊరేగింపుకైనా లైట్లు వాళ్ళింటి నుంచే పోవాలి. తాత, తండ్రి, ఇప్పుడు ఇతను. వీధుల్లోకి స్తంభాలు వస్తే ఆ లైట్లు అటకెక్కాల్సిందే. తన పొట్ట కొట్టడానికి వస్తున్న కరెంటు దగ్గరికే ఈయన వచ్చి పని నేర్పమంటున్నాడే అని నాకు ఆశ్చర్యం వేసింది. మొదటిరోజే అడిగాను.

"ఏమప్పా, ఇంత వయసులో ఈ పిల్లోళ్ళ పక్కన కూర్చోని చదవాల్సిన కర్మ ఏంది నీకు?"

"నాకొక కల వస్తాది సార్. చిన్నప్పటి నుంచీ వస్తాది. పెన్నేటి అవతలి గడ్డన నిలబడి మా ఊరిని చూస్తాంటా. పొద్దు మునిగి ఉంటాది. ఒక్కో ఇంట్లో ఒక్కో దీపం లేస్తాంటాది. ఎవరూ అగ్గిపుల్ల గీయరు, ఎవరూ పంపు కొట్టరు. వాటంతట అవే లేస్తాంటాయి. అన్నీ లేసేలోపల నాకు మెలకువ వచ్చేస్తాది."

"సరే. కల వచ్చింది. అయితే ఏంది?"

"ఆ దీపాలకు సంతకం నాది ఉండాల సార్. ఇంకేమీ వద్దు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను బల్ల మీద గుద్ది వాళ్ళ నోళ్ళు మూయించాను గానీ, నాకూ లోపల నవ్వు వచ్చింది. అతనికి కావలసింది మాత్రం నవ్వులాట కాదు. లైసెన్సు రాకపోతే ఎంత పని తెలిసినా జీవితమంతా మేస్త్రీ వెనక నిచ్చెన మోయవలసిందే. ఒక్క ఇంటికి కూడా అతని సంతకం చెల్లదు.

పని మటుకు అతనికి చేతుల్లోనే ఉంది. వైరు పోయే టేకు పట్టీ గోడ మీద పెట్టి, దారం కొట్టకుండా, కంటితో చూసి బిగిస్తే గీత గీసినట్టు ఉండేది. రాగి తీగలు మెలేసి అతుకు వేస్తే ఎక్కడ కలిసిందో వేలికి తగిలేది కాదు. మహబూబ్ బాషా నాతో చాటుగా చెప్పేవాడు, "సార్, ఈయన నాకంటే బాగా చేస్తాండాడు. ఈయన ముందర అనగాకండి" అని.

పాఠంలోకి వస్తే మాత్రం వేరే కథ. కిటికీలోంచి పడమటి వెలుతురు ఎర్రగా గదిలోకి వచ్చి, నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మలన్నీ రంగు మారే సమయం అది. అప్పుడు ఇతను కలలోకి జారుకునేవాడు. ఒకరోజు, వైరు పొడుగయ్యేకొద్దీ కరెంటు ఒత్తిడి తగ్గుతుందని చెబుతున్నాను.

"అలిసిపోతాది గదా సార్," అన్నాడు మెల్లగా.

"ఏది?"

"కరెంటు. అంత దూరం నడిసి వస్తే ఎవురికైనా అంతే. చివరింటికి వచ్చేసరికి దానికి కాళ్ళు లాగుతాంటాయి."

"కరెంటుకు కాళ్ళు లేవు!" అని అరిచాను. పక్క వీధి దాకా వినిపించి ఉంటుంది. అతను తలూపి, బుద్ధిగా పలక మీద ఏదో రాసుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడు దారిలో స్తంభాలను చూస్తూ నడుస్తుంటే, చివరి స్తంభం దగ్గర లైటు నిజంగానే కొంచెం మసకగా కనిపించింది. అతని మాటలు నా బుర్రలో దూరినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మా వైపు దీపాన్ని ఆర్పమని ఎవరూ అనరు. ఆ మాట అశుభం. 'దీపం పెద్దది చెయ్' అంటారు. అంటే ఆర్పమనే. మా ఇంట్లో నా భార్య నాగరత్నమ్మ పడుకోబోయే ముందు "దీపం పెద్దది చేసిరాండి" అంటుంది, నేను పోయి ఆర్పేసి వస్తాను. వాళ్ళ ఉర్దూలోనూ అదే వాడుక. దీపాల మీద బతికిన కరీముల్లా ఇంట్లో ఈ పట్టింపు పదింతలు. గ్యాసులైటుకు మర తిప్పి గాలి వదిలితే అది నిట్టూర్చి, కాసేపు ఎర్రగా ఉండి, నల్లబడుతుంది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా వాళ్ళమ్మ అఖ్తర్ బీ పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకునేదట. ఆర్పు అనే మాట ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ పలకలేదట.

కాబట్టి కరీముల్లాకు కరెంటు మెయిన్ స్విచ్చి కూడా దీపమే. దాన్ని కిందికి లాగితే "మెయిన్ పెద్దది చేసినా" అనేవాడు. మేస్త్రీకీ నాకూ పిల్లలకూ అందరికీ అర్థమయ్యేది. అర్థం కాని మనిషి ఒకడు ఉంటాడని మాకెవరికీ తోచలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు కడపలో పరీక్ష పెట్టారు. ఆరుగురూ పోయారు. సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు కరీముల్లా. మొహం వెలిగిపోతోంది.

"ఎట్లా అయిందప్పా?"

"శానా బాగా అయింది సార్! పరీచ్చ చేసే ఆయన శానా సంతోషపడినాడు. గోదావరి తట్టు మనిషంట. ఇంట్లో వైరు కాలి మంట లేస్తే ముందు ఏం చేస్తావు అని అడిగినాడు. ముందు మెయిన్ పెద్దది చేస్తానయ్యా అన్నా. నవ్వినాడు సార్! పక్క గదిలో ఆయన్ను పిలిపించి, మళ్ళా చెప్పు అన్నాడు. మళ్ళా చెప్పినా. ఇద్దురూ కడుపు పట్టుకోని నవ్వినారు. నేనూ నవ్వినా."

గోదావరి మనిషికి పెద్దది చెయ్యడమంటే పెంచడమే. మంట లేస్తే మెయిన్ ఇంకా పెద్దది చేస్తానని ఈ మహానుభావుడు చెప్పి వచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. పైగా వాళ్ళతో కలిసి నవ్వి వచ్చాడు. అతని మొహం చూసి ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాగరత్నమ్మ తెచ్చిన మజ్జిగ తాగి, పెన్నేటి గడ్డన నిలబడిన మనిషి మాదిరి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫలితాలు వచ్చాయి. అయిదుగురూ పాసు. కరీముల్లా ఫెయిలు. చేతిలో కాగితం పట్టుకుని క్లాసు గది గడప మీద చాలాసేపు కూర్చున్నాడు. "నవ్వినాడే సార్" అని ఒక్కసారే అన్నాడు. నాకు బాధ కలిగితే అది బాధగా ఉండదు, వెంటనే కోపంగా మారుతుంది. అది నా జబ్బు.

"ఇంక ఈ క్లాసులో పెద్దది చెయ్యడం అనే మాట వినపడకూడదు," అన్నాను. "ఆర్పడం. అను."

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆ మాట రాలేదు.

"పోనీ, ఆపడం అను."

"బండిని ఆపుతారు గానీ దీపాన్ని ఆపుతారా సార్?"

"అయితే ఇంగ్లీషులో అను! ఆఫ్. మెయిన్ ఆఫ్. పరీక్షకు అదే మంచిది."

"ఆఫ్," అన్నాడు వెంటనే. అతనికి ఆ మాటతో ఏ పేచీ లేదు. కొంచెంసేపు ఆలోచించి, "ఆఫ్ అంటే సగం గదా సార్?" అన్నాడు.

"ఏంది?"

"బస్సులో పిల్లోళ్ళకు ఆఫ్ టికెట్ కొడతారు గదా, అదే గదా సార్. మెయిన్ ఆఫ్ చేస్తే సగమే పోతాదా? మిగతా సగం యాడ ఉంటాది?"

కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురూ పగలబడి నవ్వారు. ఇతను నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. "అవునయ్యా, సగమే! ఆ మిగతా సగం వైర్లోనే కాచుకోని ఉంటాది, నిన్ను పట్టుకోవడానికి! పోయి కూర్చో!" అని అరిచాను. అతను తలూపి, పోయి కూర్చుని, పలక మీద రాసుకున్నాడు. నేను వెటకారమాడానని పిల్లలకు తెలుసు, నాకు తెలుసు. ఆ వారంలోనే నేనా మాట మరిచిపోయాను.

మరుసటేడు ఆషాఢంలో పులివెందులలో ఒక బడికి వైరింగు పని వచ్చింది. పాత గదులకు అప్పటికే కరెంటు ఉంది. కొత్తగా కట్టిన మూడు గదులకు లాగాలి. సైన్సు సారు వచ్చి చూశాడంటే అక్కడి హెడ్మాస్టరుకు ధైర్యంగా ఉంటుందని మహబూబ్ బాషా ఒక ఆదివారం నన్నూ రమ్మన్నాడు. నాకూ ఆ మాట కొంచెం గొప్పగానే అనిపించింది. ఉతికిన పంచె కట్టుకుని పోయాను.

ఆ రోజు గాలి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఊరి చుట్టూ బీళ్ళ మీదుగా ఎర్రదుమ్ము లేపుకుంటూ వచ్చి, చీనీ తోటల్లో చొరబడి, బడి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగులు పెడుతోంది. పిల్లలు లేని బడి. తెరిచిన తలుపులు వాటంతట అవే మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. దుమ్ములోంచి వచ్చే ఎండ పల్చగా, పసుపుపచ్చగా ఉంది. హోల్డర్లు తక్కువ పడ్డాయని మేస్త్రీ వేంపల్లెకు బస్సెక్కాడు. కరీముల్లా వసారా ఆ చివర, కొత్త గదిలో నిచ్చెన మీద ఉన్నాడు. నేను ఈ చివర, మెయిన్ స్విచ్చి ఉన్న గదిలో బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. చదువుతూ చదువుతూ ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. గాలి మోత వింటూ తేలిపోతున్నట్టుంది. ఆ కునుకులో కరీముల్లా గొంతు వినిపించింది.

"సార్... మెయిన్... ఆ..."

మిగతాది గాలి ఎత్తుకుపోయింది. ఆన్ చెయ్యమంటున్నాడనుకున్నాను. అతుకులు అయిపోయాయి, దీపం వెలుగుతుందో లేదో చూడాలనుకుంటున్నాడు కాబోలు. సగం నిద్రలోనే లేచి, చెయ్యి చాచి, మెయిన్ పైకి వేశాను. ఖటక్ మని చప్పుడైంది. దీపం వెలగడం చూద్దామని వసారాలోకి వచ్చాను.

కొత్త గది తలుపు తెరుచుకుని ఉంది. కరీముల్లా నిచ్చెన మీద ఉన్నాడు. వట్టి రాగి తీగలు రెండు, చేతికి ఒకటి, పట్టుకుని ఉన్నాడు.

వెనక్కి పరుగెత్తాను. యాభై ఏళ్ళ మనిషిని, పంచె కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎట్లా పరుగెత్తానో నాకే తెలియదు. మెయిన్ కిందికి లాగాను. ఖటక్. అప్పుడు, గోడకు ఆనుకుని రొప్పుతూ, మొట్టమొదటిసారి స్విచ్చి కింద ఉన్న ఫ్యూజుల పెట్టెను చూశాను. అందులో పింగాణీ ఫ్యూజులు రెండూ లేవు. రెండు ఖాళీ గుంటలు నన్నే చూస్తున్నాయి. మెయిన్ ఎటు వేసినా ఆ వైర్లలోకి చుక్క కరెంటు పోయేది కాదు.

నేలమీద కూర్చుండిపోయాను. కాసేపటికి కరీముల్లా వచ్చాడు. నన్ను చూసి, కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి చేతికిచ్చాడు. తాగాను.

"ఏమన్నా అరిచినావా ఇందాక?" అన్నాను.

"మెయిన్ ఆఫ్‌లోనే ఉండనీండి సార్, ఇంకా రెండు అతుకులు ఉండాయి అన్నా. ఇనపడలేదా?" అన్నాడు. లాల్చీ జేబులో చెయ్యి పెట్టి పింగాణీ ఫ్యూజులు రెండూ తీసి, ఉఫ్ మని దుమ్ము ఊది, బల్ల మీద పెట్టాడు.

"ఇవి ఎందుకు పీకినావు? మెయిన్ తీసినావు గదా?"

"ఆఫ్ అంటే సగమే గదా సార్. మిగతా సగం వైర్లో కాచుకోని ఉంటాదని మీరే చెప్తిరి. అప్పటి నుంచి ఫ్యూజులు పీకి జేబులో ఏసుకోందే నేను తీగ ముట్టను."

ఆన్, ఆఫ్ రెండూ 'ఆ'తోనే మొదలవుతాయని, గాలి వీస్తే రెండూ ఒకటేనని, ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆ రోజు దాకా తట్టలేదు. అతను తన మాట తాను అని ఉంటే, 'పెద్దది చేసే ఉండనీండి సార్' అని ఉంటే, ఎంత గాలిలోనైనా, ఎంత నిద్రలోనైనా నాకు అర్థమయ్యేది. పుట్టినప్పటి నుంచి విన్న మాట. దాన్ని అతని నోట్లోంచి పీకేసింది నేను.

జరిగింది ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీకి చెప్పలేదు, నాగరత్నమ్మకు చెప్పలేదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చుంటే, జ్వరమేమోనని ఆమె నుదురు పట్టి చూసేది. క్లాసులో నా గొంతు తగ్గిపోయింది. తప్పు లెక్క వేసినా తిట్టడం లేదని పిల్లలు భయపడ్డారు. సారుకు ఒంట్లో బాగాలేదని ఒకడు వాళ్ళింటి నుంచి మిరియాల కషాయం కూడా తెచ్చాడు. కరీముల్లా మాత్రం ఎప్పటి మాదిరే వచ్చేవాడు, నల్లబల్ల తుడిచేవాడు, కిటికీ పక్కన కూర్చుని ఎర్రటి వెలుతురులోకి చూసేవాడు. అతనికి ఏమీ తెలియదని నేను ధైర్యం చెప్పుకునేవాణ్ణి. అదొక్కటే నాకు దిక్కు.

ఆ ఏడు చివర మళ్ళీ కడపలో పరీక్ష. ఈసారి క్లాసుకు హాజరైనట్టు రాసిన సర్టిఫికెట్లు పట్టుకుని నేనూ వెంట పోయాను. పెద్ద రేకుల షెడ్డు. చెక్క బోర్డు మీద వైరింగు చేసి చూపించే పని కరీముల్లా అందరికంటే ముందు ముగించాడు. తర్వాత నోటి ప్రశ్నలు. నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. బల్ల వెనక అదే గోదావరి మనిషి.

"ఇంట్లో వైరు కాలి మంట వచ్చింది. ముందు ఏం చేస్తావ్?"

"మెయిన్ ఆఫ్ చేస్తానయ్యా."

నా ఊపిరి తేలికైంది.

"తర్వాత?"

"ఫ్యూజులు పీకి జేబులో ఏసుకుంటా."

"ఆఫ్ చేశావుగా, మళ్ళీ ఫ్యూజులెందుకు?"

"ఆఫ్ అంటే సగమే గదయ్యా," అన్నాడు కరీముల్లా, అంత మాత్రం తెలియదా అన్నట్టు. "మా సారు చెప్పినాడు."

ఆయన తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. "ఒరేయ్, నువ్వు మంట పెద్దది చేసేవాడివి కదూ!" అని నవ్వడం మొదలుపెట్టాడు. పేరు కొట్టివేయడానికి కలం ఎత్తాడు. "ఎవరయ్యా నీకిట్లా పాఠం చెప్పిన సారు?" అంటూ గుమ్మం వైపు చూశాడు. షెడ్డులో ఉన్న వాళ్ళందరూ నా వైపు తిరిగారు.

ఒక్క మాటతో నేను తప్పించుకోవచ్చు. వెటకారానికి అన్నాను, ఈయన నిజమనుకున్నాడు అంటే చాలు. నా పరువు దక్కుతుంది. కరీముల్లా ఇంకోసారి తెలివితక్కువవాడవుతాడు, కలం కిందికి దిగుతుంది. ఆ కలం వైపే చూస్తూ బల్ల దాకా నడిచాను.

"నేనే," అన్నాను. "ఆ మాట చెప్పింది నేనే. కోపంలో చెప్పాను. ఆషాఢంలో పులివెందులలో ఈయన నిచ్చెన మీద వట్టి తీగలు పట్టుకుని ఉంటే, మెయిన్ ఆన్ చేసింది కూడా నేనే. ఆఫ్ అన్నది నాకు ఆన్ అని వినిపించింది. ఫ్యూజులు ఈయన జేబులో ఉన్నాయి కాబట్టి ఈ రోజు మీ ముందర నిలబడ్డాడు. పెద్దది చెయ్యడమంటే మా వైపు ఆర్పడమే. పోయినసారి కూడా ఈయన సరిగ్గానే చెప్పాడు. తప్పు చెప్పింది నేను, తప్పు విన్నది మీరు."

నా జన్మలో ఒక ఆఫీసరుతో అట్లా మాట్లాడలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. నా మొహం చూసి, కరీముల్లా వైపు తిరిగాడు.

"మీ సారు మెయిన్ వేసిన సంగతి నీకు తెలుసా?"

"తెల్సయ్యా," అన్నాడు కరీముల్లా.

నేను గిరుక్కున అతని వైపు తిరిగాను.

"ఎలా తెలుసు?"

"నిచ్చెన మింద ఉంటే మెయిన్ పడిన చప్పుడు ఇనపడింది."

"మరి ఆయన్ని ఎందుకు అడగలేదు?"

కరీముల్లా తల వంచుకున్నాడు. "అడిగితే సారు సిగ్గుపడి క్లాసు ఎత్తేస్తాడేమో అని భయమేసింది. నేను పాసు కావాల గదయ్యా. నా ఎనక క్లాసులో ఇంకా ముగ్గురు పిల్లోళ్ళు ఉండారు."

ఆయన ఇంక ఏమీ అడగలేదు. కలం దించి పేరు పక్కన ఏదో రాశాడు, ముద్ర వేశాడు, తర్వాతి మనిషిని పిలిచాడు. రెండు నెలలకు లైసెన్సు తపాలాలో వచ్చింది. తర్వాత ఇరవై ఏళ్ళు జమ్మలమడుగులో వీధి వెనక వీధికి కరీముల్లా సంతకంతోనే కరెంటు వచ్చింది. మొదటి సంతకం తమ ఇంటికే పెట్టాడు. దీపం వెలిగినప్పుడు అఖ్తర్ బీ చేతులు పైకెత్తి దువా చేసిందని మేస్త్రీ వచ్చి చెప్పాడు. అవన్నీ సంతోషమైన సంగతులే. నేను మరిచిపోలేనిది మాత్రం ఆ రోజు షెడ్డు బయట జరిగింది.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎండ తగ్గి, కొండల మీద మంచు మాదిరి పల్చటి పొగ దిగుతోంది. చివరికి నేనే నోరు తెరిచాను.

"కరీముల్లా, నిన్ను చంపేసేవాణ్ణప్పా నేను. ఆ చప్పుడు విని, ఇన్ని నెలలు నా ఎదురుగా ఎట్లా కూర్చున్నావు?"

అతను నా వైపు చూశాడు. ఆ రోజు ఆ కళ్ళు దూరాన ఎక్కడికీ చూడలేదు, నన్నే చూశాయి.

"ఒక్క చప్పుడేనా సార్ నేను ఇనింది? మీరు ఉరికింది ఇనపడింది. మళ్ళా మెయిన్ కిందికి పడింది ఇనపడింది. నాకోసరం ఎవురూ అట్లా ఉరకలేదు సార్."

బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. కళ్ళనిండా నీళ్ళు. బస్సు వచ్చి ఆగినా నాకు కనిపించలేదు. కరీముల్లానే నా చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.